ఎంటర్ కొట్టే చెయ్యి

చారులో వేసిన పసుపు ఇంకా వేళ్లకు ఉండగానే గోదా కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. నల్లటి తెరమీద తెల్లటి గీత ఒకటి మినుకు మినుకుమంటోంది. దానికి విసుగూ లేదు, ఆకలీ లేదు. ఎంతసేపు వదిలి వెళ్లినా ‘ఏం చేయమంటావు’ అన్నట్టు అక్కడే కాచుకుని ఉంటుంది. ఈ ఇంట్లో ఆ మాత్రం ఓపిక ఉన్నది దానికొక్కదానికే.

"ఆఁ, చెప్పుండ్రి," అంది.

పక్కన పడక కుర్చీలో, మెడకు అటొక దిండూ ఇటొక దిండూ పెట్టించుకుని కూర్చున్న భర్త వామన్‌రావు పెదవులు కదిపాడు. బయటివాళ్లయితే ఏదో మూలిగాడనుకుంటారు. గోదాకు అది ‘ఎక్కు’. సీ, డీ కొట్టి, కాస్త జాగా వదిలి, రెండు చుక్కలు పెట్టి ఎంటర్ నొక్కింది. ఉన్న గదిలోంచి పై గదిలోకి వెళ్లినట్టు తెరమీద దారి మారింది. మళ్లీ పెదవులు కదిలాయి. ‘దిగు’. వేరే పేరు కొట్టి ఇంకో గదిలోకి దిగింది.

వామన్‌రావు మొదటినుంచీ అంతే. మలక్‌పేటలోని చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరూ మౌసు పట్టుకుని బొమ్మలమీద నొక్కుతుంటే, అతనొక్కడూ నల్ల తెరమీద అక్షరాలు కొట్టి పని చేయించుకునేవాడు. ఆఫీసువాళ్లు ఇచ్చిన మౌసు ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా అలమార మీద పడేశాడు. "చెప్పేటందుకు మాటలున్నప్పుడు వేలుతోని చూపిచ్చుడేంది, చంటిపిల్లగాని లెక్క?" అనేవాడు. ఆ పంతమే ఇప్పుడు అక్కరకొచ్చింది. కరోనా నాడు ఇంటికి తెచ్చుకున్న పని ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఒకనాడు చొక్కా గుండీ పెట్టుకోవడం రాలేదు. నరాల జబ్బన్నారు. ముందు వేళ్లు, తర్వాత చేతులు, తర్వాత కాళ్లు. తల మాత్రం చెక్కు చెదరదన్నాడు డాక్టరు, అదేదో శుభవార్త అయినట్టు. నోటితో చెప్పగలిగిందంతా కొట్టవచ్చు గనక, అతను చెబుతూ పోయాడు, ఆమె కొడుతూ పోయింది.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన గోదాకు మొదట్లో ఆ కీబోర్డు చూస్తేనే ఒళ్లు మండేది. "ఈ అక్షరాలను ఎవరు గిట్ల చెల్లాచెదురు చేసిండ్రు?" అని కోప్పడితే వామన్‌రావు పడీ పడీ నవ్వాడు. అప్పటికి ఇంకా నవ్వగలిగేవాడు. అయితే ఆమె పుట్టిల్లు గుడి సేవ చేసే ఇల్లు. ఊహ తెలిసిన నాటినుంచీ తులసి మాలలు కట్టిన వేళ్లు అవి, చూడకుండానే ముడి వేస్తాయి. నెలలోపే అక్షరాలు కూడా వేళ్లకు పట్టుబడ్డాయి. గుర్తులకు ఆమే పేర్లు పెట్టుకుంది: అడ్డగీత, వాలుగీత, నిలువుచుక్కలు. ఆదేశాలకు ఇద్దరూ కలిసి పెట్టుకున్నారు. ‘పెట్టు’ అంటే మార్చినదాన్ని పక్కన పెట్టాలి. ‘రాయి’ అంటే ఏం మార్చారో ఒక ముక్క రాయాలి. ‘తోయి’ అంటే ఆఫీసుకు పంపాలి. తోసేదాకా చేసిన పని ఈ పెట్టెలోనే ఉండిపోతుంది, లోకం దృష్టిలో చేయనట్టే.

తోసిన ప్రతిసారీ అది ‘నువ్వెవరు’ అని పేరు అడుగుతుంది. మొదటిసారి గోదా చెయ్యి అక్కడే ఆగిపోయింది. భర్త పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చిన్నప్పుడే చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. రేషన్ దుకాణంలో కార్డు చూపిస్తుందే గాని పలకదు. ఆ సంకోచం చూసి వామన్‌రావు, "నోటితోని వద్దన్నది మీ అమ్మ. వేళ్లతోని వద్దన్లేదు గద?" అన్నాడు. అప్పటినుంచీ రోజూ కొడుతూనే ఉంది. నోరు మాత్రం ఇప్పటికీ ఆ పేరెరగదు.

ఆఫీసుకు ఈ సంగతులేవీ తెలియవు. గొంతు బాగా లేదని, ఇంట్లో నెట్టు బలంగా లేదని చెప్పడంతో మాటలు పోయి రాతలే మిగిలాయి. కాల్ వస్తే అవతలివాళ్లు మాట్లాడతారు, ఇవతలినుంచి అక్షరాలు వెళతాయి. ఈ పొద్దున కూడా టీం లీడరు శ్రవణ్‌కుమార్ గొంతు లాప్‌టాప్‌లోంచి హుషారుగా వచ్చింది.

"సర్, గుడ్ మార్నింగ్. ఆ టోకెన్ లొల్లి ఇయ్యాల క్లోజ్ చేయాలె సర్. రేపు పొద్దుగాల దవాఖానల కొత్తది పెడ్తున్నం. మీకు ఒంట్ల మంచిగ లేకుంటే నగేష్‌కు ఇచ్చేస్త, ఫికర్ చేయకుండ్రి."

గోదా భర్త వైపు చూసింది. వామన్‌రావు రెప్పలు రెండుసార్లు వాల్చాడు. కాదు అని. తర్వాత బలమంతా కూడదీసుకుని, "నాది," అన్నాడు. అదొక్కటి మాత్రం ఎవరికైనా అర్థమయ్యేంత స్పష్టంగా వచ్చింది.

ఆ పని సంగతి గోదాకు తెలుసు. కంటి దవాఖానలో టోకెన్ల ప్రకారం పేర్లు పిలిచే ప్రోగ్రాం అది. రోజూ వరసలో చివరి మనిషిని పిలవడం లేదు. ఒక ముసలాయన లైట్లు ఆర్పేదాకా బెంచీమీదే కూర్చున్నాడట, పిలుస్తారు పిలుస్తారని. ఆ మాట విన్నప్పటినుంచీ వామన్‌రావుకు అదే ధ్యాస. వారం పొడుగునా ఆమె పేజీ తర్వాత పేజీ జరుపుతూ ఉంటే అతను చూపుతోనే వెతికాడు. మాట రానిచోట ఆమె అక్షరాలు వరసగా చదువుతుంది, కావలసింది రాగానే అతను రెప్ప వాలుస్తాడు. అలా ఒక్క మాట రాబట్టేలోపు పొయ్యిమీద పాలు పొంగిన రోజులున్నాయి. తప్పు నిన్న దొరికింది. వరసను లెక్కపెట్టేచోట ఒకటి తక్కువ లెక్కిస్తోంది. దిద్ది, సరిచూసి, తోయాలి. అంతే మిగిలింది. తను చేయలేకపోతే నగేష్ చిటికెలో చేసేస్తాడని వామన్‌రావుకు తెలుసు. అందుకే నగేష్‌కు ఇవ్వడు. కుర్చీలో కట్టేసినట్టున్న మనిషికి తనదని చెప్పుకోవడానికి లోకంలో మిగిలింది అదొక్కటే.

"సరే, మనమే చేద్దాం," అని గోదా ‘today’ అని కొట్టి పంపింది.

మెట్లమీద బరువైన అడుగులు వినిపించాయి. ఇంటి ఓనరు బసవయ్య నీళ్ల క్యాను మోసుకుంటూ పైకి వచ్చాడు. అఫ్జల్‌గంజ్‌లో హోల్‌సేల్ కొట్టు ఆయనది, సరుకు దింపేది మాత్రం ఈ జహనుమా ఇంట్లో కింది గదుల్లో.

"అక్కా, ఈసారి గూడ మిర్చి దింపిచ్చలే. పసుపుకొమ్ములే దింపిచ్చిన. అన్నకు ఘాటు తగుల్తదని." కుర్చీ వైపు వంగి, "ఏమన్నా, మంచిగున్నవా?" అన్నాడు. వామన్‌రావు ఒకసారి రెప్ప వాల్చాడు. బసవయ్య అక్కడ ఎక్కువసేపు నిలబడలేడు. క్యాను దించి, చెమట తుడుచుకుంటున్నట్టు మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

గోదాకు ఆ తడి కళ్లు చూస్తే అసూయ వేసింది. ఆమెకు అది ఎప్పుడో ఇంకిపోయింది. ఈమధ్య ఏదీ తగలడం లేదు. మొన్న గంజి చేతిమీద ఒలికితే కాలిందని కాసేపటికి గానీ తెలియలేదు. పొద్దున లేపడం, తుడవడం, పక్క మార్చడం, తినిపించడం, కొట్టడం, మళ్లీ పక్క మార్చడం. వీటిలో ఏది ప్రేమో ఏది అలవాటో తేల్చుకునే తీరికే లేదు. మనసంతా కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిన కాలులా ఉంది, ఉందో లేదో తెలియకుండా.

ఫైలు తెరిచింది. నిలువుచుక్కలు పెట్టి, వరస సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కితే గీత ఆ చోటికే వెళ్లి నిలబడింది.

"ఇదేనా?"

రెప్ప ఒకసారి వాలింది.

"అడ్డగీత, ఒకటి. రెండూ తీసెయ్యాల్నా?"

మళ్లీ ఒకసారి.

రెండక్షరాలు చెరిపేసింది. ఇంత చేసి మార్చింది ఆ రెండే. తర్వాత మిగతా ప్రోగ్రాం అంతా చెడకుండా ఉందో లేదో సరిచూసే ఆదేశం కొట్టింది. తెరమీద వరసలు వాటంతట అవే పైకి పోవడం మొదలుపెట్టాయి. అది ముగిసేలోపు కుక్కరు మూడుసార్లు పెట్టి దించవచ్చు. కొత్త మిషన్ ఇవ్వమని అడిగితే ఎవరైనా ఇంటికి వస్తారని భయపడి అడగలేదు.

అన్నం మెత్తగా మెదిపి, చారు పోసి, చెంచాతో తినిపించింది. రెండు చెంచాలు దిగాయి. మూడోది పెదవి పక్కనుంచి జారింది. నెత్తికెక్కకుండా వీపు నిమిరింది. గుండెమీద చెయ్యి వేస్తే ఊపిరి ఎక్కడో పైపైన ఆడుతోంది. నాలుగు రోజులుగా అలాగే ఉంది. దవాఖానకు పోదామని మొన్న అంటే రెండుసార్లు రెప్ప వాల్చాడు. గట్టిగా అడిగే శక్తి ఆమెకూ లేదు. నిజం చెప్పాలంటే, అడగకుండా ఉంటే బాగుండుననే అనిపించింది. ఆ మాటకు తనమీద తనకు కోపం రావాలి. అదీ రాలేదు.

"చాలా?"

ఒకసారి వాల్చాడు. చూపు మాత్రం ఆమె భుజంమీదుగా తెరమీదకే పోతోంది. ఆమె మూతి తుడిచి, కుర్చీని కొంచెం అటు తిప్పింది, బాగా కనపడేట్టు.

కంచం కడిగింది. తడి బట్టలు బయట ఆరేసింది. ఫలక్‌నుమా స్టేషన్‌లో లోకల్ రైలు కూతేసింది. కింద బసవయ్య ఎవరితోనో ఉర్దూలో బేరమాడుతున్నాడు. మిగిలిన చారులో పసుపు తక్కువైందనిపించి ఇంత వేసి, రుచి చూసింది. రుచి తెలియలేదు. పసుపు చెయ్యి అలాగే పెట్టుకుని గదిలోకి వచ్చింది.

తెరమీద వరసలు ఆగిపోయి ఉన్నాయి. చివర పచ్చటి అక్షరాలు. అన్నీ సరిగానే ఉన్నాయి.

"పచ్చగొచ్చింది," అంది. "చూసిండ్రా? పెట్టాల్నా?"

వామన్‌రావు తెర వైపే చూస్తున్నాడు. రెప్ప వాలలేదు.

మళ్లీ అడిగింది. తర్వాత దగ్గరికి వెళ్లి ముక్కు కింద వేలు పెట్టింది. గుండెమీద చెయ్యి వేసింది. పొద్దుటినుంచీ పైపైన ఆడినది ఇప్పుడెక్కడా లేదు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. పచ్చ అక్షరాలు చూశాకే పోయాడా, చూడకముందేనా? అది తెలిసిన కళ్లు అవే, అవి చెప్పవు.

ఏడుపు వస్తుందేమోనని నిలబడింది. రాలేదు. బసవయ్యను కేకేయాలి, అన్న శ్రీపాదకు ఫోన్ చేయాలి, దీపం పెట్టాలి. అన్నీ వరసగా తట్టాయి. కాళ్లు మాత్రం వెళ్లి కీబోర్డు ముందే కూర్చున్నాయి.

పెట్టింది. రాసింది. ‘చివరి టోకెన్ కూడా పిలుస్తుంది’ అని అతను నిన్న సాయంత్రం అంతా కూర్చుని, అక్షరం అక్షరం రెప్పతో ఏరి ఇంగ్లీషులో చెప్పిన ముక్క. ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టింది. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, తోసింది. అది ఎప్పటిలాగే నువ్వెవరని అడిగింది. ఎప్పటిలాగే పేరు కొట్టింది. పని వెళ్లిపోయింది.

కొంచెంసేపటికి శ్రవణ్‌కుమార్ రాశాడు. "సూపర్ సర్. మస్తు పని చేసిండ్రు. రెస్ట్ తీస్కోండ్రి."

గోదా ‘ok’ అని కొట్టింది. వామన్‌రావు ఎప్పుడూ అంతే రాసేవాడు. అప్పుడు లేచి, మెట్లదాకా వెళ్లి, "బసవయ్యా," అని పిలిచింది.

బసవయ్య వచ్చి చూసి, గోడకు చేరగిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత తేరుకుని వీధి చివర క్లినిక్ డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. ఆమె అన్నకు ఫోన్ చేయడానికి మళ్లీ కిందికి దిగాడు. డాక్టరు నాడి చూశాడు, కళ్లు చూశాడు, అరచేత్తో రెప్పలు మూశాడు. స్టూలు మీద కూర్చుని కాగితం తీశాడు.

"ఎప్పుడు పోయిండమ్మా?"

గోదా తెర వైపు చూసింది. తోసిన పని కింద వేళ వేసి ఉంది.

"పని అయినంక," అంది. వేలు పెట్టి ఆ వేళ చూపించింది.

డాక్టరు అదే రాసుకున్నాడు. "పేరు?"

గోదా నోరు తెరిచింది. పలకవచ్చు ఇక. కాపాడవలసిన ఆయుష్షు ఏదీ మిగల్లేదు. ఇన్నేళ్లూ పలకకుండా దాచి దాచి ఉంచినా తగ్గేది తగ్గనే తగ్గింది. అమ్మమీద మొదటిసారి కోపం వచ్చింది, పొద్దుటినుంచీ తగిలిన మొదటి నొప్పి అదే. అయినా నాలుక తిరగలేదు. ఎప్పుడూ ఎత్తని బరువును ఇప్పుడెత్తమంటే ఎట్లా?

డాక్టరు తలెత్తి చూశాడు. "పేరేందమ్మా? రాస్కోవాలె."

ఆమె లాప్‌టాప్ ముందుకు జరిగింది. గీత ఇంకా మినుకుమంటూనే ఉంది, ఏం చేయమంటావు అన్నట్టు. వేళ్లు వాటి దారిన అవి పేరు కొట్టేశాయి. డాక్టరు వంగి, తెరమీది అక్షరాలు చూసి కాగితంమీదకు ఎక్కించుకున్నాడు.

ఆమె చెయ్యి అలవాటుగా ఎంటర్ మీదకు వెళ్లి, అక్కడే ఆగింది. నొక్కితే, అలాంటి ఆదేశం ఏదీ లేదని అంటుంది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. బయట మెట్లమీద మనుషుల చప్పుడు మొదలైంది. ఎవరో ఆమె భుజంమీద చెయ్యి వేసి లేవదీశారు.

నల్లటి తెరమీద వామన్‌రావు పేరు, దాని పక్కనే ఆగకుండా మినుకుమంటున్న గీత, కింద ఎంటర్ మీద ఇంకా చెరగని పసుపు.