ముందుగా చెప్పడానికి వచ్చినవాడు

హిందీ ప్రాంతంలో, సిల్తారాలోని ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారంలో కొండలరావు క్రేను నడిపేవాడు. 1996 జూన్‌లో ఒక మంగళవారం క్రేను కొక్కెం ఆగవలసిన చోట ఆగక పైదాకా పోయి దూలాన్ని గుద్దుకుంది. ఇనుప తాడు తెగింది. బరువు కింద పడి బిసాహు అనే కూలీ పాదం నలిగిపోయింది. అతనే అడ్డం వచ్చాడని ఆఫీసువాళ్ళు రాసుకున్నారు. కొండలరావు కాదనలేదు.

మర్నాడు సాయంత్రం కర్మాగారం ఎలక్ట్రీషియన్ డేవిడ్ పండరీ బస్తీలో కొండలరావు ఇంటికి వచ్చాడు. ఇద్దరిదీ ఎనిమిది నెలల పరిచయం. నలభై ఐదేళ్ళొచ్చాక ఇంకా కొత్త నేస్తాలేమిటని కొండలరావు అనుకునేవాడు గానీ, మధ్యాహ్నం డేవిడ్ వచ్చేదాకా టిఫిన్ డబ్బా మూత తీసేవాడు కాదు.

కొండలరావు భార్య సుభద్ర టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. డేవిడ్ గ్లాసు ముట్టుకోలేదు.

"కొక్కేన్ని పైన ఆపే స్విచ్చి పనిచెయ్యకుండా దానికి తీగ చుట్టి ఉందండి. నేను చూశాను."

కొండలరావు తన గ్లాసు కింద పెట్టాడు. "అది మాటిమాటికీ క్రేనుని బంద్ సేసేత్తంది. పని ఆగితే సాహెబ్ తిట్టేది నన్నే కదేటి. ఇప్పుడు నువ్వేటి సెప్తావు?"

"రేపు పదింటికి మేనేజరు నన్ను రమ్మన్నారు. చూసింది చెప్తాను. మీకు తెలియకుండా చెప్పడం ఇష్టంలేక వచ్చాను."

"నా ఇంట్లో కూకోని నా నౌకరీ తీసేత్తానంటన్నావు." భార్య వింటుందని గొంతు తగ్గించాడు. "దోస్తువనుకున్నాను."

"కాకపోతే ఇక్కడిదాకా ఎందుకొస్తానండీ."

డేవిడ్ వెళ్ళిపోయాక సుభద్ర గుమ్మంలోకి వచ్చింది. "తీగ మాట నిజవేనా?" అంది. అతను అవునని తలూపాడు. "మరి బిసాహు పెళ్ళాం ఏటి తిని బతుకుతాది?"



మర్నాడు డేవిడ్ వచ్చేసరికి కొండలరావు మేనేజరు గది ముందు నిలబడి ఉన్నాడు. తనే ముందు లోపలికి వెళ్ళాడు. తీగ చుట్టింది తనేననీ, బిసాహు తప్పేమీ లేదనీ హిందీలో చెప్పాడు.

ఉద్యోగం పోలేదు. క్రేను మీంచి దించి, తక్కువ జీతానికి యార్డులో వేశారు. బిసాహు వైద్యం ఖర్చు కంపెనీ మీద పడింది. ఆ సాయంత్రం కంపెనీ బస్సులో కొండలరావు పక్కన ఎవరూ కూర్చోలేదు. డేవిడ్ ఆఖరున ఎక్కి, వచ్చి కూర్చున్నాడు.

"నీ మీద కోపం ఇంకా పోలేదు."

"పోకపోయినా పర్లేదండి."

బస్సు భన్‌పురి దాటింది. తర్వాత కొండలరావే అన్నాడు: "ఆదివారం బిసాహుని సూడాలి. ఒక్కణ్ణీ ఎల్లనేను డేవిడ్. భయంగుంది."

"పొద్దున్నే వస్తాను," అన్నాడు డేవిడ్.