ఒక్క తీగ మీద నాలుగు ఊళ్ళు

పిడుగురాళ్ల పోస్టాఫీసులో టెలిఫోను బోర్డు పెట్టిన కొత్తలో, అంటే అరవై రెండు ప్రాంతాల్లో, ఆ బోర్డులోకి మూడు రకాల తీగలు వచ్చి చేరేవి. మొదటివి ఊళ్ళోవి; సున్నపు బట్టీల వాళ్ళకు, పోలీసు స్టేషనుకు ఎవరి తీగ వాళ్ళది. బండిచక్రం ఆకులన్నీ నడిమి కుండలో దిగబడినట్టు ఆ తీగలన్నీ బోర్డులో దిగేవి. ఒకరి మాట ఇంకొకరికి వినపడదు. రెండోది నరసరావుపేట పోయే ట్రంకు లైను. అది ఊరికీ ఊరికీ నడుమ ఉండేది. దాని అవతల గుంటూరు, గుంటూరు అవతల మద్రాసు. ఎంత దూరమైనా అట్లా ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు అందించుకుంటూ పోవాల్సిందే.

మూడోది పల్లెల లైను. ఒకే తీగ రాజుపాలెం, ఎర్రమిట్ట, కొత్తూరు మీదుగా పోయి గంగమ్మపాడులో ఆగిపోతుంది. ఒక దండెం మీద ఇంటిల్లిపాది బట్టలూ ఆరేసినట్టు, నాలుగు ఊళ్ళ ఫోన్లూ ఆ ఒక్క తీగకే వేలాడేవి. బోర్డు దగ్గర హ్యాండిల్ తిప్పితే నాలుగు ఊళ్ళలోనూ గంట మోగేది. పొడుగు మోత, పొట్టి మోత కలిపి ఊరికొక గుర్తు పెట్టారు.

గుర్తు ఏ ఊరిదైనా ఫోను అందరూ ఎత్తేవాళ్ళు. దాన్ని చాటుగా వినడమని ఎవరూ అనుకోలేదు. ఎవరింట్లోనన్నా కష్టమొస్తే పోయి అరుగు మీద కాసేపు కూచుని రావడం అక్కడి మర్యాద. పోకపోతే మాటొస్తుంది. ఫోనెత్తి వినడం కూడా ఆ పలకరింపులో భాగమే అయింది.

ఆ స్తంభాలన్నీ దగ్గరుండి పాతించినవాడు లైన్‌మన్ యోబు. మాట తక్కువ మనిషి. బోర్డు ముందు కూచునే గుమస్తా అమరేశ్వరరావు ట్రైనింగు ముగించుకుని కొత్తగా వచ్చినవాడు.

"పల్లెల లైనేంది యోబూ, మాట మరీ చీమ గొంతై వస్తంది?" అని ఒకనాడు అడిగాడు.

"ఎత్తి ఉంటారండి."

"ఎవరు?"

"అందరూను."

"వాళ్ళు ఊరికే వింటే మనకేం తగ్గుద్ది?"

"చెంబెడు నీళ్ళు నలుగురికి పోస్తే ఎంతెంత వస్తయండి," అని యోబు స్తంభం ఎక్కే ఇనుప కొక్కేలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

యోబుకు ఒక్కతే కూతురు, కుసుమ. తల్లి లేని పిల్ల. గంగమ్మపాడు ఇచ్చాడు. ఆ ఏడు ఆశ్వయుజంలో వానలు ఎడతెరిపి లేకుండా పట్టుకున్నాయి. కుసుమకు తొలి కాన్పు దగ్గర పడింది. ఒక పొద్దున బోర్డు మీద పల్లెల లైను రేకు టక్కున కిందపడింది, అటునుంచి ఎవరో పిలుస్తున్నారని గుర్తు. గంగమ్మపాడు బడి పంతులు కృపావరం. అక్కడి ఫోను ఆయన వసారాలోనే ఉంటుంది. కుసుమ ఇల్లు ఆ గోడకవతలే.

"యోబు బాబాయ్ ఉన్నాడా? కుసుమకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగుంది. తల్లికే రక్తం ఆగట్లేదు. మంత్రసాని కుల్సుమక్క తనకు తెలిసిందంతా చేసింది, ఇంక తోచట్లేదంటంది. వాగు పొంగింది. కుసుమ మొగుడు బండి కట్టుకుని గట్టునే నిలబడ్డాడు, ఎద్దులు దిగట్లేదు. నరసరావుపేట మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మనడిగి ఏం చెయ్యాలో చెప్పించండి."

అమరేశ్వరరావు అప్పటికే ట్రంకులో ప్లగ్గు పెట్టాడు. ఆసుపత్రి దొరికింది. డాక్టరమ్మ వచ్చింది. రెండు లైన్లూ కలిపాడు. యోబు తన టెస్టింగు ఫోను తీగలు బోర్డు పక్కన తగిలించి చెవికి ఆనించుకున్నాడు.

"పొత్తికడుపు మీద..." అంది డాక్టరమ్మ. తర్వాతి మాట వానలో కలిసిపోయింది.

"ఏందమ్మా? వినపళ్ళేదు," అన్నాడు కృపావరం.

ఆమె మళ్ళీ చెప్పింది. అంత దూరం వచ్చేసరికే గొంతు నీరసపడింది. ఉన్న కాస్తనూ తలా ఇంత తీసుకుంటున్నారు. కుసుమకు బాగాలేదని తెలిసి తీగ పొడుగునా ఒక్కరు కూడా ఫోను దించలేదు.

"లైనులో ఉన్నవాళ్ళందరూ పెట్టెయ్యండి," అని అమరేశ్వరరావు కేకేశాడు. ఎవరూ పెట్టలేదు. అందరూ అంటే మిగతావాళ్ళని ఎవరికి వాళ్ళు అనుకున్నారు.

యోబు కళ్ళు మూసుకుని విన్నాడు. తీగలో వక్క కత్తిరిస్తున్న చప్పుడు వచ్చింది.

"రాజుపాలెం యల్లమంద బాబాయ్, అడకత్తెర చప్పుడు వినపడతంది. ఫోను పెట్టెయ్."

"నీ బిడ్డ సంగతి తెలవకుండా ఎట్టా పెట్టేదిరా?"

"పెడితేనే తెలుస్తది."

టక్కుమంది. డాక్టరమ్మ గొంతు ఒక మెట్టు పైకొచ్చింది.

"ఇన్నయ్యా, ఎర్రమిట్ట మిల్లు బెల్టు మోగతంది."

ఇన్నయ్య ఫోను దించాడు. తీగలో మిల్లు మోత ఆగిపోయింది. ఇంకొకటి మిగిలింది. పిల్లికూనల్లే ఉబ్బసపు ఆయాసం.

"కొత్తూరు వీరరాఘవమ్మ పిన్నీ."

"నేనేం మాట్లాడట్లేదు నాయనా. చెవికి పెట్టుకుని దేవుడికి దండం పెట్టుకుంటన్నా."

"మాట్లాడకపోయినా మాటను తాగుతది పిన్నీ."

"ఊరికే వింటేనే తాగుతదా?"

"తాగుతది."

"అట్టయితే ఫోను కింద పెట్టి దండం పెట్టుకుంటాలే," అని ఆమె కూడా దించింది.

ఇప్పుడు డాక్టరమ్మ మాట తెలుస్తోంది కానీ, ఇంకా సగం సగమే. "రుద్దాలా? ఎక్కడమ్మా?" అని కృపావరం అరుస్తున్నాడు. అమరేశ్వరరావు యోబు చేతిలోని టెస్టింగు ఫోను వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

తనదీ మాటను తాగుతోందని యోబుకు తెలుసు. గోడకవతల నుంచి కుల్సుం గొంతు సన్నగా వినపడుతోంది. "కుసుమా, కళ్ళు మూయమాకే. ఇటు చూడు. నా వంక చూడు." ఆ మాట ఇంకొక్కసారి వింటే బాగుండుననిపించింది. ఇంతలో కృపావరం మళ్ళీ "వినపళ్ళేదమ్మా" అన్నాడు.

"బాబుగారూ, మీ చెవిది కూడా తీసెయ్యండి," అని యోబు తన తీగలు ఊడబీకాడు.

ఇంక ఆ మాటలు వినేవాళ్ళు డాక్టరమ్మ, కృపావరం ఇద్దరే.

యోబు పోస్టాఫీసు వసారాలోకి పోయి గోడకానుకుని గొంతుక్కూచున్నాడు. ఎదురుగా రోడ్డు మీద టార్పాలిన్లు కప్పిన సున్నపు లారీలు పోతున్నాయి. పైన తీగ వానకు ఊగుతోంది. దాంట్లో ఆ నిమిషాన తన కూతురి ప్రాణం పోతోందో నిలుస్తోందో, కిందనుంచి చూసేవాడికి ఒక్కలాగే ఉంటుంది. లోపల్నుంచి అమరేశ్వరరావు ఏదో ఒకటి మాట్లాడాలని, "నరసరావుపేట డాక్టరమ్మది మంచి హస్తవాసి అంటారు యోబూ," అన్నాడు. యోబు తల ఊపాడు. మామూలు రోజుల్లో ఈపాటికి ఏదో ఒక ఊరివాళ్ళు హ్యాండిల్ తిప్పి, "ఏమైందండీ" అని అడిగి ఉండేవాళ్ళు. ఇవాళ ఒక్కరు కూడా తిప్పలేదు.

ట్రంకు లైను రేకు పడింది. డాక్టరమ్మ చెప్పడం అయిపోయింది.

"నువ్వెత్తు," అన్నాడు అమరేశ్వరరావు.

"మీరెత్తండి."

ఆయన గంగమ్మపాడు గుర్తు మోగించి, ఎత్తి, ఒక్క క్షణం విని, యోబు చేతికిచ్చాడు.

"అన్నా," అంది కుల్సుం. పక్కన కూచుని మాట్లాడినట్టుంది. "డాక్టరమ్మ చెప్పినట్టు బొడ్డు కింద చెయ్యేసి ఆపకుండా రుద్దా. పిల్లను రొమ్ముకు పెట్టిచ్చా. కడుపు రాయల్లే గట్టిపడింది. రక్తం నిలిచింది. మంచినీళ్ళడిగింది, తాగింది. వాగు తగ్గంగానే ఆసుపత్రికి తీసుకపోవాలంట. విన్నావా?"

"విన్నా."

ఫోను దించాడు. తర్వాత, రాజుపాలెంలో, ఎర్రమిట్టలో, కొత్తూరులో ఫోను ముందు కూచుని ఎత్తకుండా ఉన్నవాళ్ళు గుర్తొచ్చారు. హ్యాండిల్ పట్టుకుని, ఏ ఊరి గుర్తూ కాకుండా, ఆపకుండా తిప్పాడు. ఒకరి వెనక ఒకరు అందరూ ఎత్తారు.

"బతికింది," అన్నాడు యోబు.

"ఏందీ?" అంది వీరరాఘవమ్మ.

"బతికింది పిన్నీ."

"వినపళ్ళా నాయనా."

"ఒరేయ్ యోబూ, ఏడాది పొడుగునా మాటలు దాచుకున్నావు గదా, ఇప్పుడన్నా ఖర్చుపెట్టు," అన్నాడు యల్లమంద. ఆయన గొంతు కూడా చీమ గొంతై వచ్చింది.

యోబు నిలబడి, పోస్టాఫీసులో స్టాంపులకొచ్చినవాళ్ళంతా తిరిగి చూసేటంత గట్టిగా, మళ్ళీ చెప్పాడు.