ఛీ, ఎంత వికారపు పిల్ల

గ్రీసు దేశంలోని సెర్రెస్ పట్టణంలో పసిబిడ్డను చూసి ‘ఎంత ముద్దుగా ఉందో’ అని ఊరుకున్నవాడిని ఎవరూ కొట్టరు. కాకపోతే మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. బిడ్డ కనపడగానే మూడుసార్లు తూ తూ తూ అనాలి, ఆపైన ‘ఛీ, ఎంత వికారంగా ఉంది’ అనాలి. నిజంగా ఉమ్మక్కర్లేదు, పెదాల చప్పుడు చాలు. కాస్త తుంపర పడినా తల్లులు ఏమీ అనుకోరు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇక పసిగుడ్డు ఎంత?

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఈ సంగతి తెలిసిన ఆస్పసియా ఒకే ఒక్కసారి మరిచిపోయింది. ఆమె, భర్త పాండెలిస్ కలిసి మిఠాయి కొట్టు నడుపుతారు. గేదె వెన్నతో చేసే ఆకనే అనే మిఠాయి వాళ్ళ కొట్లో తిన్నవాళ్ళు ఇంకెక్కడా తినరు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లల్లేరు. పక్క దేశం బల్గేరియా నుంచి ఒక పిల్లవాణ్ణి దత్తతకిస్తామని ఫోటో వచ్చింది. ఆ ఫోటో చూడగానే ఆస్పసియాకి ఒళ్ళు తెలియలేదు. ‘చంద్రుడే వీడు, వీడి అందం చూడండర్రా’ అని వీధి వీధంతా తిప్పింది. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. పిల్లవాడి పిన్ని ఒకామె ఎక్కడినుంచో ఊడిపడి, నేనే పెంచుకుంటానని తీసుకుపోయిందట.

పిన్ని ఉంటే పిన్నికే ఇస్తారు, అది చట్టం. పాండెలిస్ ఎన్ని విధాల చెప్పినా ఆస్పసియా వినలేదు. “చట్టం కాదు పాండెలీ, నా నోరు. నా నోరే వాణ్ణి దూరం చేసింది” అంది. ఆ రోజునుంచి ఆమె నోట మంచిమాట రాలేదు, ఎవరి గురించీ, దేని గురించీ. కొట్టుకి వచ్చినవాళ్ళు ఆకనే బాగుందా అనడిగితే, “ఏం బాగు, తింటే తినండి” అనేది. బేరాలు సగానికి సగం పడిపోయాయి. పాండెలిస్‌కి బేరాల మీద బెంగ లేదు. పొద్దున్నే కొట్టు తెరుస్తూ పాటలు పాడే తన పెళ్ళాం ఎటు పోయిందా అన్నదే అతని బెంగ.

ఇంతలో రెండో ఫోటో వచ్చింది. నెవెనా అట పేరు, ఇంకా ఏడాది నిండలేదు. ఆస్పసియా ఫోటోని ఒక్క చూపు చూసి బల్ల సొరుగులో బోర్లా పెట్టింది. “దీని మొహం మండ” అంది. వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

కోర్టు పని అంతా అయింది. ఆఖరి మెట్టు ఒకటే మిగిలింది: బల్గేరియాలో బిడ్డ ఉండే అనాథాశ్రమానికి వెళ్ళి కొన్నాళ్ళు ఆమెతో గడపాలి, అక్కడి మనస్తత్వ నిపుణురాలు చూసి, వీళ్ళు బిడ్డకి తగినవాళ్ళే అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితే బిడ్డ వీళ్ళది, లేకపోతే లేదు. భార్యాభర్తలిద్దరూ కారెక్కేసరికి వెనక సీట్లో ఆస్పసియా తల్లి హరిక్లియా కూర్చుని ఉంది, దిష్టికి విరుగుడుగా ఒళ్ళో వెల్లుల్లి జడ పెట్టుకుని.

“మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు అత్తయ్యా?” అన్నాడు పాండెలిస్.

“పోయినసారి నేను కలగజేసుకోలేదు, ఏమైందో చూశావుగా. నడుపు అబ్బాయ్.”

ఆశ్రమంలో వాళ్ళని కలిసిన నిపుణురాలి పేరు రలిత్సా. వయసు ముప్పై దాటదు, థెస్సలొనీకిలో చదివింది, గ్రీకు వీళ్ళకంటే శుభ్రంగా మాట్లాడుతుంది. స్టొయాంకా అనే పెద్దావిడ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఆమే ఆ పిల్లను సాకుతున్న ఆయా, గ్రీసు ఆలివ్ తోటల్లో కూలికి వచ్చిపోయిన రోజుల్లో నాలుగు గ్రీకు ముక్కలు పట్టింది. బిడ్డ తల ఎత్తి చూసింది. నల్లటి పెద్ద కళ్ళు, బుగ్గలు చూస్తే కొరకాలనిపించేలా ఉన్నాయి.

“తూ తూ తూ” అంది హరిక్లియా.

“తూ తూ తూ” అన్నాడు పాండెలిస్.

ఆస్పసియా ముందుకి వంగి, “ఛీ, ఇదేం మొహమే? కోతులు కూడా పక్కకి తప్పుకుంటాయి నిన్ను చూసి. ఆ చెవులు చూడు, జాడీకి పెట్టిన పిడుల్లా. నిన్నెవరు తీసుకుంటారే, గుడ్లగూబా?” అంది. స్టొయాంకా సంతోషంగా తలాడించింది, ఇన్నాళ్ళకి బిడ్డకి సరైన తల్లి దొరికిందని.

రలిత్సా ముఖం మాత్రం మాడిపోయింది. “ఇక్కడ ఇలాంటివి కుదరవు. పిల్లలకి మాట అర్థం కాకపోయినా భావం అర్థమవుతుంది. ఈ గదిలో బిడ్డను అవమానించడం, ఉమ్మడం నిషేధం. వచ్చిన ప్రతిసారీ ప్రతి ఒక్కరూ ఆమెను నోరారా పొగడాలి.”

“అమ్మాయ్, మీ ఇళ్ళల్లోనూ ఉమ్ముతారు. నాకు తెలియదనుకోకు” అంది హరిక్లియా.

“మా అమ్మమ్మ ఉమ్మేది. జ్వరమొస్తే జలగలు కూడా పట్టించుకునేది. అందుకని నేనూ పట్టించుకోవాలా?”

అంతటితో ఊరుకునే మనిషి కాదు హరిక్లియా. ఆ సాయంత్రం బస చేసిన చోట షోప్స్కా సలాడ్ ముందు పెట్టుకుని ఉపాయం చెప్పింది. “పొగడమంది కదా, పొగుడుదాం. పొగిడి, వెంటనే రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుదాం. దగ్గులో తూ ఉందో లేదో ఎవడికి తెలుసు?”

మర్నాడు పాండెలిస్ బిడ్డ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “ఎంత చక్కని కళ్ళు, ఖహ్, ఖహ్, తూ తూ తూ” అన్నాడు. హరిక్లియా “నవ్వితే ముత్యాలే” అని, రుమాల్లో ఎంత గట్టిగా దగ్గిందంటే, కిటికీ మీది పావురం ఎగిరిపోయింది. ఆస్పసియా నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. పొగడ్త బయటికి రాలేదు. ఉత్త దగ్గు దగ్గి ఊరుకుంది. రలిత్సా ఏదో రాసుకుంది.

స్టొయాంకాది చురుకైన బుర్ర. రలిత్సా నియమం వల్ల ఆవిడా రోజూ పిల్లలందరినీ పొగడాల్సి వచ్చేది, లోపల్లోపల కుమిలిపోయేది. ఈ దగ్గు విద్య చూసి ఒక్క పూటలో నేర్చుకుంది. ఆవిణ్ణి చూసి వంటావిడ, వంటావిణ్ణి చూసి తోటమాలి. రెండ్రోజులు గడిచేసరికి ఆ ఇంట్లో ఏ పిల్ల ముందు నిలబడ్డ పెద్దవాడైనా ఒక ముద్దు మాట అనడం, విరగబడి దగ్గడం.

ఇంకేం, రలిత్సా గుండె గుభేల్మంది. అంటురోగం. తలుపులు మూయించింది, అందరికీ ముఖానికి గుడ్డలు కట్టించింది, ఊళ్ళోని ముసలి డాక్టరుకి కబురు పెట్టింది. ఈ దగ్గు తేలేవరకూ బిడ్డను బయటికి పంపేది లేదంది. పాండెలిస్ తల పట్టుకున్నాడు. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల అత్తయ్యా” అన్నాడు. హరిక్లియా మాత్రం ముఖానికి కట్టిన గుడ్డ వెనక హాయిగా, అడ్డూ ఆపూ లేకుండా తూ తూ తూ అనుకుంటోంది. ఇంత సౌకర్యం ఆమెకి జన్మలో దొరకలేదు.

డాక్టరు వచ్చాడు. వరసగా అందరి వీపుల మీదా గొట్టం పెట్టి విన్నాడు. “ఊపిరి తీయండి. వదలండి. గుర్రాల్లా ఉన్నారు మీరంతా. ఏ రోగం లేదు.” వెళ్తూ వెళ్తూ నెవెనా ఊయల దగ్గర ఆగాడు. బిడ్డ ఆయన మీసం పట్టుకుంది. “ఆహా, ఏం పిల్లమ్మా ఇది” అన్నాడు ముసలాయన. అని, పక్కకి తిరిగి ఖళ్ళుఖళ్ళున దగ్గాడు.

రలిత్సా నిర్ఘాంతపోయింది. “డాక్టరుగారూ, మీకు కూడానా?”

“నాకు మా అమ్మ దగ్గరే అంటుకుందమ్మా. దీనికి మందు లేదు” అని ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికి తెలిసింది పాపం రలిత్సాకి, ఇన్నాళ్ళూ తన కళ్ళముందే అందరూ తనని వెర్రిదాన్ని చేశారని. చదువుకున్నవాళ్ళకి కోపం వస్తే అరవరు, గొంతు తగ్గిస్తారు. రలిత్సా చాలా నెమ్మదిగా భార్యాభర్తలిద్దరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

“మిగతావాళ్ళ సంగతి వదిలేయండి. వాళ్ళు కనీసం పొగిడి దగ్గారు. మేడమ్, ఇన్ని రోజుల్లో మీ నోటినుంచి ఒక్క ప్రేమ మాట నేను వినలేదు. నేనేమని సంతకం పెట్టను? ఒక్కటి చెప్పండి. దగ్గకుండా, ఉమ్మకుండా. బిడ్డ బాగుందని చెప్పండి చాలు.”

పాండెలిస్ భార్య చెయ్యి పట్టుకున్నాడు. చెప్పేయ్, ఒక్క మాట, చెప్పేయ్ అని మనసులో మొక్కుకున్నాడు.

“ఒకసారి చెప్పానండి. ఆ అబ్బాయి ఫోటో చూసి చెప్పాను. వాడు నాకు దక్కలేదు” అంది ఆస్పసియా. “మీరు నవ్వుతారు, నవ్వండి. పిన్ని వచ్చింది, చట్టం ఉంది, అన్నీ నాకూ తెలుసు. కానీ రాత్రి పడుకుంటే నాకు చట్టం గుర్తు రాదు, నా నోరే గుర్తొస్తుంది. నాకు ప్రేమ లేదని రాసుకోండి. రాయిలాంటి మనిషినని రాసుకోండి. నేను చెడ్డదాన్నయితే ఏం, అది చల్లగా ఉంటే చాలు. ఆ మాట మాత్రం నన్ను అనమనకండి. అన్నాక దానికేమన్నా అయితే నేను బతకను.”

పాండెలిస్ ఏడ్చాడు, దాచుకోలేదు కూడా.

రలిత్సా లేచి నెవెనాను తెచ్చి గది మధ్య చాప మీద కూర్చోబెట్టింది. మనసు కరిగి కాదు, ఏదైనా సరే పరీక్షించి చూడందే నమ్మని మనిషి ఆమె. ముందు తను కూర్చుని, శిక్షణలో నేర్పినట్టు తీయగా, “నా బంగారు తల్లి, నువ్వెంత అందమైనదానివో తెలుసా?” అంది. నెవెనా ఆమెను అనుమానంగా చూసింది. కింది పెదవి బయటికొచ్చింది. మరుక్షణం ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు.

“ఇప్పుడు మీరు” అంది రలిత్సా.

“ఆపవే దయ్యప్పిల్లా” అంది ఆస్పసియా. “తూ తూ తూ. ఏడిస్తే ఇంకా అసహ్యంగా ఉన్నావు. ముక్కు చూడు, నలిగిన బంగాళాదుంప.”

ఏడుపు టక్కున ఆగింది. నెవెనా కిలకిలా నవ్వింది, రెండు చేతులూ చాపి, చాప దాటి, రలిత్సా కాళ్ళ మీదనుంచి పాకుతూ వెళ్ళి ఆస్పసియా పావడా పట్టుకుంది. రలిత్సా ఇంకోసారి పరీక్షించింది, మూడోసారీ పరీక్షించింది. మూడుసార్లూ అంతే.

“నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటిది లేదు” అంది చివరికి విసుగ్గా, కలం తీసి సంతకం పెడుతూ. “తీసుకెళ్ళండి. దయచేసి నా ముందు మాత్రం ఉమ్మకండి.”

వాళ్ళు మాట నిలబెట్టుకుని తలుపు దాటాకే ఉమ్మారు. స్టొయాంకా కారు దాకా వచ్చి, నానా తిట్లూ తిట్టి, బిడ్డ అరికాళ్ళు ముద్దు పెట్టుకుంది.

అప్పటికింకా సరిహద్దులో కార్లు ఆపి చూసేవారు. బల్గేరియా వైపు దాటేశారు. గ్రీసు వైపు గదిలోంచి ఒక కుర్ర పోలీసు బయటికొచ్చి, కాగితాలన్నీ చూసి, కారులోకి తొంగి చూశాడు. పగలంతా ఎండలో నిలబడి అలిసిపోయి ఉన్నాడు, నోరు జారాడు.

“అబ్బ, ఎంత అందంగా ఉంది పాప. అచ్చం బొమ్మే” అన్నాడు. అని, వెళ్ళమని చెయ్యి ఊపాడు.

కారు కదల్లేదు. ఆస్పసియా ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఉమ్ము నాయనా” అంది హరిక్లియా కిటికీ దించి.

“ఏంటి?”

“అన్నావుగా. ఉమ్ము.”

“అమ్మమ్మా, నేను డ్యూటీలో ఉన్నాను. పైన కెమెరా ఉంది. ప్రయాణికుల మీద ఉమ్మితే నా ఉద్యోగం ఊడుతుంది.”

ఆస్పసియా బిడ్డను ఎత్తుకుని కారు దిగింది. సరిగ్గా అడ్డుగేటు కింద నిలబడింది. “నేను కదలను” అంది. “ఇంటి గుమ్మం దాకా తెచ్చుకుని పోగొట్టుకోలేను.” పాండెలిస్ కూడా దిగి పక్కన నిలబడ్డాడు. పోలీసుకి నచ్చజెప్పాలో, పెళ్ళానికి నచ్చజెప్పాలో అతనికి తెలియలేదు. వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి. పోలీసు లోపలున్న పై అధికారిని పిలిచాడు. ఆయన బయటికి రాకుండానే, “రూల్సులో చూస్తాను” అన్నాడు.

పక్క వరసలోని లారీ డ్రైవర్లు సంగతేమిటని దిగి వచ్చారు. ముందొచ్చిన టర్కీ డ్రైవరు గ్రీకు తెలిసినవాడు. విని, పోలీసు వైపు జాలిగా చూశాడు. బొజ్జ సర్దుకుని, బిడ్డ ముందు వంగి, “తూ తూ తూ. అరిగిపోయిన టైరులా ఉందిరా నాయనా దీని మొహం” అన్నాడు. నెవెనా నవ్వింది. అంతే, వరస కట్టారు. రొమేనియా వాడొకడు, సెర్బియా వాడొకడు, గొర్రెల లారీ తోలే బల్గేరియా తాత ఒకడు, ఎవరి భాషలో వాళ్ళు ఉమ్మి తిట్టి వెళ్ళారు. ఒకడు మా బావమరిదిలా ఉందన్నాడు, ఆ బావమరిది ఎలా ఉంటాడో చూపించడానికి ఫోన్లో ఫోటో కూడా తెరిచాడు. చూసి అందరూ ఒప్పుకున్నారు.

“వీళ్ళు వంద మంది ఉమ్మితే లాభం లేదు. అన్నవాడు ఉమ్మాలి” అంది హరిక్లియా.

కుర్ర పోలీసు కెమెరా వైపు చూశాడు, వరస వైపు చూశాడు, బిడ్డను గుండెకి హత్తుకుని రాయిలా నిలబడ్డ ఆస్పసియా వైపు చూశాడు. తల మీది టోపీ తీసి హరిక్లియా చేతిలో పెట్టాడు. “ఇప్పుడు నేను డ్యూటీలో లేను” అన్నాడు. బిడ్డ దగ్గరికొచ్చి మూడుసార్లు, మనస్ఫూర్తిగా, కాస్త తుంపరతో సహా ఉమ్మాడు. “ఛీ, ఎంత వికారపు పిల్ల. మా దేశానికి ఇదే తక్కువైంది. తీసుకుపొండి.”

అడ్డుగేటు లేచింది. డ్రైవర్లు హారన్లు మోగించారు.

కారు సెర్రెస్ దారి పట్టింది. హరిక్లియా ముందు సీట్లో కునుకు తీస్తోంది, పోలీసు టోపీ పొరపాటున ఒళ్ళోనే ఉండిపోయింది. వెనక ఆస్పసియా బిడ్డ పక్కన కూర్చుని, కన్నార్పకుండా చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. పాండెలిస్ అద్దంలో చూస్తున్నాడు.

నెవెనా ఆమె ముఖాన్ని పరీక్షగా చూసింది. ఏడ్చి ఉబ్బిన ఆ కళ్ళు, చెదిరిన ఆ జుట్టు అంతా చూసింది. రెండు చేతులతో ఆమె బుగ్గలు పట్టుకుని, పెదాలు సున్నాలా చుట్టి, “తూ” అంది.

తుంపర ఆస్పసియా ముక్కు మీద పడింది.

“చూశావా, నువ్వు అందంగా ఉన్నావట” అన్నాడు పాండెలిస్.

ఆస్పసియా నవ్వుతూ ఏడ్చింది. తనకి దిష్టి తగులుతుందని భయపడేవాళ్ళు ఒకరొస్తారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇల్లు చేరేదాకా ఆ తుంపర తుడుచుకోలేదు.