పద్నాలుగో బుడ్డి

డాక్టరు నాగేశ్వర్ కాగితాన్నీ సిరా డబ్బీనీ నా ముందుకు జరిపినప్పుడే చెప్పాను, వేలిముద్ర వేయనని. నా తమ్ముడు అజీజ్ పోయి అప్పటికి పన్నెండు రోజులు. వాడు గుండె జబ్బుతో పోయాడని, డాక్టరుమీద మాకు ఫిర్యాదు లేదని అందులో రాసుందట. గుండె జబ్బట! అత్తరు పెట్టె భుజాన వేసుకుని కర్దనూర్ నుంచి గుమ్మడిదల దాకా ఊరూరూ నడిచి అమ్ముకొచ్చేవాడు నా తమ్ముడు.

"ఊరికే లొల్లి ఎందుకు బేగంబీ? పోయినోడు తిరిగొస్తడా?" అన్నాడు డాక్టరు.

"రాడు. గందుకే నీ కాగితం మీద వేలు పెట్ట."

అదే రోజు సంగారెడ్డి పోయి, తాలూకా కచేరీ ముందు కూర్చున్న మున్షీతో అర్జీ రాయించాను. పోనీలే అన్నవాళ్లందరికీ నోటికొచ్చినట్టు చీవాట్లు పెట్టాను. నెల తిరిగాక విచారణకు జిల్లా పెద్ద డాక్టరు సోమయ్య పటాన్‌చెరు వచ్చాడు. నాగేశ్వర్ దవాఖానలోనే కూర్చోబెట్టారు మమ్మల్ని. కాంపౌండరు సంగప్ప తలుపు దగ్గర నిలబడ్డాడు.

నాగేశ్వర్ రిజిస్టరు తెరిచాడు. "రక్త విరేచనాలకు ఎమిటిన్ సూదులు ఇచ్చిన సార్, ఎనిమిది. మంచం దిగొద్దని చెప్పిన. ఆయన వినక తిరిగిండు."

నా ఒళ్లు మండిపోయింది. "మంచం దిగొద్దన్నవా? మరి రోజూ పొద్దుగాల కర్దనూర్ నుంచి గీడిదాక నడిపించిందెవరు? నువ్వేమన్న మా ఇంటికొచ్చి సూది ఇచ్చినవా?"

నాగేశ్వర్ రిజిస్టరు కేసి చూశాడు. సోమయ్య కలం ఆపాడు. "అమ్మా, ఆ మందు పదికి మించితే గుండె మీద పడుతది. ఎన్ని సూదులిచ్చిండో నీకు తెలుసా?"

చీరకొంగు ముడి విప్పాను. మందుల వాసన కొట్టే ఆ గదిలో హీనా, గులాబ్, ఖస్ అత్తర్ల వాసనలు గుప్పుమన్నాయి. చిటికెన వేలంత గాజు బుడ్లు బల్లమీద వరసగా పెట్టాను.

నా తమ్ముడంత పిసినారి ఈ తాలూకాలో లేడు. బుడ్డి కనిపిస్తే చాలు, నాకియ్యి అనేవాడు. సూది పొడిపించుకున్న ప్రతి రోజూ సంగప్పను అడిగి ఆ మందు ఖాళీ బుడ్డి తెచ్చుకునేవాడు. కడిగి, అత్తరు పోసి, దూది కుక్కి, పైన మైనం పెట్టేవాడు. "మంచిగైనంక దర్గా ఉర్సుల అమ్ముత ఆపా," అనేవాడు. దడ పట్టి గోడ పట్టుకు నడుస్తూ కూడా అదే మాట.

వాడి శవానికి చుట్టే కఫన్‌కు పూయడానికి ఇంట్లో ఆ బుడ్లలోది తప్ప వేరే అత్తరు లేదు. ఒక బుడ్డి మైనం గోరుతో గీకాను. తర్వాత ఇంకొకటి. ఏడుస్తూ ఒక్కొక్కటే విప్పి గుడ్డమీద పోశాను. పదమూడు. పద్నాలుగోదాంట్లో అత్తరు లేదు. అది పిడికిట్లో పట్టుకునే వచ్చి గడపలో పడిపోయాడు వాడు. వేళ్లు విడదీసి నేనే తీశాను.

అదంతా అక్కడే చెప్పాను.

నాగేశ్వర్ నవ్వాడు. "ఎవరివో బుడ్లు తెచ్చి పెడితే అయిపాయెనా సార్?"

నేను తలుపు వైపు తిరిగాను. "సంగప్పా, నువ్వే గదా నా తమ్ముని చేతిల పెట్టింది! గియ్యి ఎవరివో నీ నోటితోని చెప్పు."

సంగప్ప డాక్టరు మొహం చూశాడు. తర్వాత బుడ్ల వైపు చూశాడు. వాడి బతుకు ఆ దవాఖానలోనే ఉందని నాకూ తెలుసు. అయినా నేను చూపు తిప్పలేదు.

"అజీజ్‌వే సార్," అన్నాడు చివరికి. "ఆ నెలల ఎమిటిన్ ఇంకెవ్వరికి ఇయ్యలే. పదోది అయినంక దడ అంటున్నడని నేనే మా డాక్టర్ సార్‌కు చెప్పిన. ఏం గాదు, ఇయ్యి అన్నడు."

సోమయ్య బుడ్లు ఒక్కొక్కటే ఎత్తి వాసన చూశాడు. అత్తరు లేని చివరిదాన్ని ముక్కు దగ్గర చాలాసేపు ఉంచి, "ఇవి నాకిచ్చి పో అమ్మా," అన్నాడు.

"విచారణ కాగితంల రాసినంకనే ఇస్త. గుండె జబ్బు అన్న మాట కొట్టెయ్యి. పద్నాలుగు అని రాయి. నాకు సదివి ఇనిపియ్యి."

రాశాడు. రెండుసార్లు చదివించుకున్నాను. అప్పుడు బొటనవేలు చాచాను. సిరా డబ్బీ నాగేశ్వర్ పక్కనే ఉంది.

"గది గిటు జరుపు డాక్టర్ సాబ్," అన్నాను.

జరిపాడు.