మంజీర నీళ్ళ బకెట్

ఆదివారం మా ఆయన బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడంటే, నేను పప్పు ఉడికించి, పోపు పెట్టి, అన్నం వార్చి, గిన్నెలు కూడా తోముకున్న తర్వాత గాని ఆ గడియ మళ్ళీ కదలదు. లోపల నీళ్ళు ధారగా పడవు. కాసిన్ని పడతాయి, ఆగిపోతాయి. మళ్ళీ కాసిన్ని. సూది వేసేముందు చేతికి రాసే స్పిరిట్ వాసన తలుపు కింది సందులోంచి వస్తుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి అడిగాను.

"గంతసేపు లోపల ఏం జేస్తరు?"

"మందు గోలీల కంపెనీ కదనే. పౌడరంత ఒంటికి అంటుకుంటది. కడుక్కోవద్దా?"

నిజమే అనుకున్నాను. కానీ మిగిలిన రోజుల్లో కూడా అదే పౌడరుతో వచ్చేవాడు. గబగబా నాలుగు చెంబులు పోసుకుని బయటికి వచ్చేసేవాడు. తల తడిపేవాడు కాదు.

మేముండేది ఇంద్రేశంలో. ముందు వైపు హైమావతమ్మ కిరాణా దుకాణం, వెనక మాకు కిరాయికిచ్చిన రెండు గదులు, వాటి వెనక బాత్రూం. అప్పటికి చుట్టూ ఇళ్ళు తక్కువ, ప్లాట్ల హద్దురాళ్ళు ఎక్కువ. పక్క గదుల్లో ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఉండేవాళ్ళు. షిఫ్టు నుంచి వచ్చి పడుకునేవాళ్ళు, లేచి మళ్ళీ షిఫ్టుకు పోయేవాళ్ళు. మా ఆయన భీమశంకరం పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పటాన్‌చెరు బస్సెక్కితే, ఇక ఆ రోజంతా నేను నోరు విప్పే పని ఉండేది కాదు. జోగిపేట అవతల మా ఊళ్ళో అయితే లేచింది మొదలు ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఇక్కడ నా పేరు చంద్రకళ అని హైమావతమ్మకు కూడా తెలియదు. శంకరం పెండ్లాం అనేది.

పెళ్ళిచూపులనాడు మా అమ్మకు ఈ సదాశివపేట సంబంధంలో అన్నిటికంటే నచ్చింది ఆయన జుట్టు. మా నాయనకు బట్టతల. ఆయన బతికున్నన్నాళ్ళూ అమ్మ ఆ తల మీదే పరాచికాలు ఆడేది. "పిల్లగానికి తల నిండ ఎంటికలున్నయే" అని వాళ్ళ ముందే అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఎక్కువసేపు లేదు. అప్పుడు సిగ్గనుకున్నాను.

పెళ్ళి పీటల మీద జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆయన మెడ కొంచెం వెనక్కి తీసుకున్నాడు. "గట్టిగ ఒత్తమ్మా" అన్నాడు అయ్యగారు. ఒత్తాను. అరచేతి కింద జుట్టు ఉంది గాని దాని కింద వెచ్చదనం లేదు. మా తమ్ముడి నెత్తిన చేయి పెడితే తెలిసే వేడి అక్కడ తగల్లేదు. నా చేయే మొద్దుబారిందేమో అనుకున్నాను.

తర్వాత ఒక్కొక్కటీ కనిపిస్తూ వచ్చాయి. నేను వెతకలేదు. ఒకే ఇంట్లో ఉంటే కనిపిస్తాయి. ఆయన మంగలి దగ్గరికి పోయి కూర్చోడు, అయినా నడినెత్తి జుట్టు పెరగదు. బస్సులో కిటికీ పక్కన కూర్చోడు. నిద్రలో నా చేయి ఆయన తల వైపు వెళ్తే, నిద్రలోనే నా మణికట్టు పట్టుకుని పక్కన పెట్టేస్తాడు. కోపంగా కాదు. ఎవరిదో వస్తువు వాళ్ళకు తిరిగి ఇచ్చినట్టు పెడతాడు.

శ్రావణంలో ఒక పొద్దున పాలకు వెళ్ళి, ప్యాకెట్ల బండి ఇంకా రాలేదంటే తిరిగి వచ్చేశాను. నైటు డ్యూటీ చేసి వచ్చిన ఆయన తలకు టవల్ చుట్టుకుని పడుకుని ఉన్నాడు. వెనక గదిలో, బియ్యం బస్తా అవతల, గోడ మూలన స్టీలు చెంబు బోర్లించి ఉంది. చెంబు మీద ఆయన జుట్టు ఉంది.

పాపిట రోజూ తీసే వైపే ఉంది.

నాకు భయం వేయలేదు, నవ్వూ రాలేదు. దగ్గర కూర్చుని చూశాను. ముట్టలేదు. లోపలి వైపు దోమతెరలాంటి సన్నటి జాలి, అంచు చుట్టూ పల్చటి ప్లాస్టిక్, దానికి అక్కడక్కడా జిగురు టేపు ముక్కలు. నడినెత్తిన పరిచి అంటించుకుంటాడన్నమాట. కొసలు ఎర్రబారి, కొబ్బరి పీచులా బిరుసెక్కి ఉన్నాయి. జాలి కన్నాల్లో తెల్లటి పొర పేరుకుని ఉంది. ఆ తెలుపు నాకు తెలుసు. మా బకెట్ల అడుగున, కుళాయి మూతికి పట్టేది అదే. బోరు నీళ్ళ ఉప్పు.

ఆ చుట్టుపక్కల బోరు నీళ్ళు ఎవరూ తాగరు. బట్టలకు, గిన్నెలకు, స్నానానికి బోరు. తాగడానికి, వంటకు మంజీర నది నీళ్ళొచ్చే కుళాయి. అది రోజు విడిచి రోజు వచ్చేది. బోరు నీళ్ళకు సబ్బు నురగ రాదు. కాపురానికి వచ్చాక నా జడే సగమైంది. నెత్తిన మొలిచే జుట్టయితే మళ్ళీ వస్తుంది. చెంబు మీదిది రాదు.

మళ్ళీ వెళ్ళి పాలు తెచ్చాను. ఆయన లేచి, "ఇందాక వచ్చినవా?" అన్నాడు.

"లేదు. ఇప్పుడే వస్తున్న."

నాకు తెలుసని చెప్పేయవచ్చు. చెబితే ఆయన ముఖం ఎలా అవుతుందో ఊహించుకోలేకపోయాను. నాకు కావలసింది ఒకటే. ఆయనంతట ఆయన చెప్పాలి. అప్పటిదాకా, ఆ ఇంట్లో తలుపులన్నిటికీ బయటే ఉన్నట్టుండేది నాకు.

తర్వాతి ఆదివారం పసుపురంగు బకెట్ నిండా మంజీర నీళ్ళు పట్టి బాత్రూంలో ఆయన కూర్చునే పీట పక్కన పెట్టాను. బోరు బకెట్‌ను మూలకు జరిపాను. హైమావతమ్మ చూడనే చూసింది.

"ఏందే, మంజీర నీళ్ళు అటు పట్కపోతున్నవ్? తాగే నీళ్ళతోని తానమా? నవాబు బిడ్డవా?"

"బోరు నీళ్ళు పడ్తలేవమ్మా. ఒళ్ళు దురద వెడ్తుంది."

"మాకు లేని దురద నీకెక్కడికెళ్ళి వచ్చిందే! రేపటి సంది ఒక్క బిందె తక్కువ పట్టు, మరి."

తక్కువే పట్టాను. బియ్యం, కూరగాయలు బోరు నీళ్ళతో కడిగి, చివర ఒక్కసారి మాత్రం మంజీర నీళ్ళు పోసేదాన్ని. ఆదివారం బకెట్ మాత్రం తప్పనివ్వలేదు.

బతుకమ్మ పండుగ వెళ్ళేసరికి ఆయన జుట్టు మారింది. బిరుసు తగ్గింది, దువ్వెన చిక్కుపడకుండా దిగుతోంది. ఒకరోజు అద్దం ముందు నిలబడి తనలో తాను అనుకున్నట్టు, "గీ కొత్త షాంపు మంచిగుంది" అన్నాడు.

"అవునా?" అన్నాను.

షాంపు అదే పాత రకం. నా వైపు తిరిగి ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. దువ్వెన జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దీపావళి దగ్గరపడింది. మా దిక్కు తొలి దీపావళికి అల్లుణ్ణి ఇంటికి పిలుస్తారు. హారతుల నాడు పొద్దున్నే పీట మీద కూర్చోబెట్టి, అత్త నడినెత్తిన నూనె పెట్టి అరచేత్తో తడుతుంది. బావమరుదులు తల రుద్దుతారు. చుట్టూ చేరి ఆట పట్టిస్తారు. మా తమ్ముడు చిన్నరాములు దుకాణానికి ఫోన్ చేశాడు.

"అక్కా, బావను తోల్కరా. నేనే రుద్దుత. పానం లేచి రావాలె బావకు!"

ఆ మాట చెబితే ఆయన, "నాకు సెలవు లేదు, నువ్వు పో" అన్నాడు. కంపెనీకి సెలవని పక్క గది పిల్లలు అప్పటికే మూటలు సర్దుకుంటున్నారు.

"మీరు లేంది నేను పోను" అన్నాను.

పండుగ ముందురోజు సాయంత్రం అమ్మే వచ్చేసింది, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. సంచిలో అప్పాలు, నువ్వుల నూనె సీసా.

"అల్లునికి సెలవు లేకుంటే అత్తకు లేదా? పండుగనే పట్కొచ్చిన" అంది గడపలోనే.

తెల్లవారుతుండగా అమ్మ నీళ్ళు కాచింది. ముందు గదిలో పీట వేసి నూనె వెచ్చబెట్టింది. చిన్నరాములు లుంగీ ఎగ్గట్టి చేతులు రాచుకుంటూ, "రా బావా, బొక్కలన్నీ సాపు జేస్త" అన్నాడు. ఆయన వచ్చి కూర్చున్నాడు. మా ముగ్గురిలో ఎవరి వైపూ చూడలేదు. బాత్రూం తలుపు వైపు చూస్తున్నాడు.

అమ్మ అరచేతిలో నూనె పోసుకుంది. "మీ మామకు పెడ్తె జారి జారి ముక్కుల పడేది బిడ్డా. నీ ఎంటికలైతే సీసాకు సీసా తాగుతయి."

చిన్నరాములు పగలబడి నవ్వాడు. అమ్మ చేయి లేచింది.

నేను ఆ చేయి పట్టుకున్నాను. "ఆగమ్మా. నువ్వు గరికతోని ముట్టియ్యి, సాలు. తానం నేను పోస్త."

"నువ్వేంది? అత్త పెట్టాలె, బామ్మర్ది రుద్దాలె."

"వీళ్ళ దిక్కు తొలి పండుగకు పెండ్లామే పోస్తదంట. ఇంకొకళ్ళ చెయ్యి నెత్తి మీద పడొద్దంట." అలాంటి పద్ధతి ఎక్కడా లేదు. ఆయన వైపు చూసి, "గట్లనే కదా?" అన్నాను.

ఆయన బాత్రూం తలుపు మీంచి చూపు నా వైపు తిప్పాడు. "ఆ. మా దిక్కు గంతే."

"గిదేం దిక్కు బావా? సదాశివపేట దిక్కా, సిగ్గులేని దిక్కా?" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్‌రా. ఎవల పద్ధతి వాళ్ళది. పోయి ప్లాట్లల్లకెళ్ళి గరిక తే" అంది అమ్మ.

గరికతో పాదాలకు, మోకాళ్ళకు, భుజాలకు నూనె ముట్టించింది. నెత్తిన ఒక్క చుక్క. అంతే.

ఇద్దరం బాత్రూంలోకి వెళ్ళాం. గడియ ఆయనే పెట్టాడు. ఆ గడియకు లోపల నేను ఉండడం అదే మొదటిసారి. ఇద్దరు నిలబడితే మోచేతులు గోడలకు తగిలే చోటు. ఆయన నాకు వీపు చేసి నిలబడ్డాడు.

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎప్పటి సంది?"

"శ్రావణం సంది."

"మీ అమ్మకు?"

"ఎవ్వలికి తెల్వదు."

బయటి నుంచి అమ్మ కేకేసింది. "ఏందే, నీళ్ళ సప్పుడే లేదు? చెవుల ఎనక మంచిగ రుద్దు!"

ఒక చెంబు నేల మీద పోశాను. ఇంకొకటి ఆయన భుజాల మీద పోశాను.

"ఆదివారం గా పసుపు బకెట్ల ఉండేటియి మంజీర నీళ్ళు" అన్నాను. "బోరు నీళ్ళకు కొసలు ఎర్రబడ్తున్నయని పెట్టిన."

ఆయన తిరిగి బకెట్ వైపు చూశాడు. "మరి షాంపు..." అని ఆగిపోయాడు.

కోప్పడతాడనుకున్నాను. లేకపోతే ఏదైనా చెబుతాడనుకున్నాను. టవల్ తీసి తలకు గట్టిగా చుట్టుకుని, గడియ తీసి బయటికి వెళ్ళిపోయాడు. నేను తడి నేల మీద కాసేపు ఒక్కదాన్నే నిలబడ్డాను.

అమ్మ హారతిచ్చింది. అక్షింతలు వేస్తూ టవల్ తీయమంటే "సలి పెడ్తుందత్తమ్మా" అన్నాడు. టవల్ మీదే వేసింది. సాయంత్రం బస్సెక్కబోతూ నాతో, "అల్లుడు మంచోడే గని మాట తక్కువ. గా ఎంటికలకు దిష్టి తియ్యి" అంది.

ఆ వారం మా ఇంట్లో ఉన్న నాలుగు మాటలూ పోయాయి. ఆయన బస్సు టైముకు ముందే వెళ్ళిపోయేవాడు. పెట్టింది తినేవాడు. నేను అటు వెళ్తే ఇటు వచ్చేవాడు. చెప్పకుండా ఉన్నప్పుడే మేలేమో, అప్పుడు కనీసం షాంపు గురించైనా మాట్లాడాడు అనిపించేది.

ఆదివారం వచ్చింది. పసుపు బకెట్ నింపాను. లోపల పెట్టడానికి చేయి రాలేదు. పెడితే మళ్ళీ నాకు తెలుసు అని అన్నట్టవుతుంది. పెట్టకపోతే ఆయన బోరు నీళ్ళు పోస్తాడు. వంటగది గడప దగ్గరే ఉంచాను.

ఆయన స్పిరిట్, టేపు దాచుకునే గుడ్డసంచి పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళాడు. పప్పు కడుగుతూ గడియ చప్పుడు కోసం విన్నాను. రాలేదు. తొంగి చూస్తే తలుపు దగ్గరికి వేసి మాత్రం ఉంది. లోపల నీళ్ళ చప్పుడూ లేదు.

చాలాసేపటికి, "బకెట్ ఏది?" అని వినపడింది.

తీసుకెళ్ళి తలుపు ముందు పెట్టాను. "పెట్టిన. పోతున్న."

"పోకు." కాసేపాగి, "అటు తిరిగి కూసో" అన్నాడు.

తలుపుకు వీపు పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా హద్దురాళ్ళు, వాటి మధ్య గరిక, దూరంగా కంపెనీ పొగగొట్టం. వెనక తలుపు కిర్రుమంది, బకెట్ లోపలికి వెళ్ళింది. స్పిరిట్ వాసన వచ్చింది. తర్వాత టేపు ఊడే సన్నటి చప్పుడు.

"ఇరవై రెండేండ్లకే రాలిపోయినయి" అన్నాడు లోపలి నుంచి. "పెండ్లికి ముందే చెప్దామనుకున్న. మీ అమ్మ ఎంటికలు జూసి నవ్వె. ఇగ నోరు రాలే."

గుడ్డను మెలిపెట్టి పిండినట్టు చప్పుడైంది.

"పిండకున్రి" అన్నాను తిరగకుండానే. "పాపిటకెళ్ళి కిందికి నీళ్ళు ఇడువున్రి. పట్టుచీర లెక్క."

చప్పుడు ఆగింది. ఆ తర్వాత నీళ్ళు ధారగా పడ్డాయి.

పప్పు ఇంకా పొయ్యి ఎక్కలేదు. లేవబుద్ధి కాలేదు. కాసేపటికి తలుపు సందులోంచి తడి చేయి ఒకటి నా భుజం పక్కకు వచ్చింది.

"చెంబు ఇయ్యి."

బియ్యం బస్తా వెనక ఉన్న చెంబు తెచ్చి, తల తిప్పకుండా, బోర్లించినట్టే ఉంచి ఆయన చేతికి అందించాను.