అంచు ముక్క

క్లోమం సగం చచ్చిందని డాక్టరమ్మ అనలేదు. "ఇంకా కొంచెం పనిచేస్తోందండీ, దాన్ని అలసిపోనివ్వకండి" అంది. నాకు అర్థమైంది మాత్రం అదే.

అన్నం, రొట్టె, దుంపలు తగ్గించమంది. మూడు నెలలకు మళ్లీ రక్తం తీస్తారు. చక్కెర సగటు దిగకపోతే ఇన్సులిన్ సూదులు. సూదులంటే నాకు భయం లేదు. మా ఆవిడ పోయిన దారంటే భయం. ముందు చూపు మసకబారింది. తర్వాత కాలివేళ్లు తీశారు. తర్వాత మనిషే లేదు. సూదులు మొదలుపెట్టేసరికే ఆలస్యమైందన్నారు.

పదకొండేళ్లయింది. ఆవిడను నేను క్షమించలేదు. నా ఎదురుగా కొలత ప్రకారమే అన్నం తినేది. అంకె మాత్రం దిగేది కాదు. "దొంగతిండి తింటున్నావు" అనేవాణ్ణి. "మీ మీద ఒట్టు, నేనేం తినలేదు" అనేది. చివరి ఏడాది ఆవిడతో సరిగా మాట్లాడలేదు.

నాకా గతి పట్టకూడదని కోడలు నడుం కట్టింది. అన్నం చిన్న గిన్నెతో కొలుస్తుంది. మిగతా పళ్లెమంతా కూరగాయలు, గుడ్డు.

"గిన్నెకేసి అలా చూస్తారేంటి మావయ్యా, మీ ఆస్తి రాయించుకున్నానా?" అంటుంది. నోరు మంచిది కాదు. చెయ్యి మంచిది.

నెల గడిచింది. పొద్దున్నే వేలు గుచ్చి చూస్తే అంకె అక్కడే ఉంది. సాయంత్రం ఇంకా పైన. రోజూ అరికాలి కింద అద్దం పెట్టి వేళ్లు చూసుకునేవాణ్ణి. కాలు కాస్త తిమ్మిరెక్కితే మళ్లీ అద్దం తీసేవాణ్ణి. మిషన్ పాడైందనుకున్నాను. కోడలి గిన్నెను కూడా అనుమానించాను.

"బయటేమైనా తింటున్నారా మావయ్యా?"

"నీ పిల్లల మీద ఒట్టు, నేనేం తినలేదు."

"మధ్యలో నా పిల్లలెందుకండీ? మీ మీదే వేసుకోండి ఒట్టు."

ఆ వారంలోనే ఓ పొద్దున నా వెనకే మా బేకరీకి వచ్చింది. బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. మొదటి ట్రే రొట్టెలు బట్టీలోంచి తీశాను. అంచు ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను.

"అదేంటి?"

"రుచి చూశాను. ట్రే ట్రేకీ చూడాలి. ఉప్పు తేడా వస్తే ఎవడు కొంటాడు?"

"అది తినడం కాదా?"

"అది పని."

కోడలు ఖాళీ డబ్బా ఒకటి నా ముందు పెట్టింది. "మీరు నోట్లో వేసుకున్న ప్రతిసారీ అంతే ముక్క ఇందులోనూ వెయ్యండి."

నవ్వుకుంటూ వేశాను. సాయంత్రం నాలుగింటికి డబ్బా మూత పట్టలేదు. కోడలు దాన్ని తక్కెడ మీద ఒంపింది. మూడు వందల ఎనభై గ్రాములు.

"నేను మూడు పూటలా కొలిచి పెట్టే అన్నం దీని ముందు ఏ మూలకొస్తుంది మావయ్యా? పాపం, మీ క్లోమానికి ఆదివారం కూడా సెలవు లేదు."

నేను తక్కెడ చూడలేదు. స్టూలు చూస్తున్నాను.

ఇరవై ఏళ్లు ఆ స్టూలు మా ఆవిడది. బట్టీ దగ్గర నేను, బల్ల దగ్గర ఆవిడ. "ఎలా ఉంది?" అని నేను అరవడం, ఆవిడ అంచు తుంచుకుని "బాగుంది" అనడం. ఒకసారి రుచి చూడకుండా ట్రే బయటికి పంపిందని పదిమందిలో తిట్టాను. మర్నాటి నుంచి ఒక్క ట్రే కూడా వదల్లేదు. అది తిండని ఆవిడ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఆవిడ నా మీద వేసిన ఒట్టు నిజం ఒట్టే.

"ఏమైంది మావయ్యా, కాళ్లు తిమ్మిరా?"

"ఏం లేదు."

"రేపట్నుంచి రుచి నేను చూస్తాలెండి" అంటూ కోడలు స్టూలు బల్ల దగ్గరికి లాక్కుంది. అప్పుడే దించిన ట్రే అంచు మీద చెయ్యి వేసింది.

"లే" అన్నాను.

"ఏంటండీ?"

"లే ముందు అక్కణ్ణించి!"

ఆ అరుపుకు కోడలి చేతిలోని ముక్క కింద పడింది.