ఐదో అధ్యాయం తర్వాత

కుట్టుమిషను తొక్కుతున్న మనిషికి చేతిలో పుస్తకం పట్టుకునే వీలుండదు. అందుకే ఆ ఇంట్లో చదివే పని పెద్ద కూతురిది, వినే పని తల్లిదీ చిన్నదానిదీ. పిల్లలకు ఇంట్లోనే, కథల పుస్తకాలతోనే చదువు చెప్పుకుంటానని తల్లి పట్టుబట్టింది కాబట్టి వాళ్ల లెక్కలూ భూగోళమూ కథల్లోంచే పుట్టుకొచ్చేవి. ఈ వానల్లో వచ్చింది సముద్రం మధ్య దీపస్తంభాన్ని కాచే ముసలాయన కథ. మిషను చప్పుడు వాన హోరులో కలిసిపోయి, గది మెల్లగా తీరం వదిలి కదిలిపోతున్నట్టుండేది. ముసలాయన రోజూ వత్తి ఎగదోసేవాడు. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి చిన్నది అప్పుడు వదిలేది.

బడిపంతులమ్మ అయిన ఆడపడుచు ఒక మధ్యాహ్నం పరీక్షకు వచ్చింది. పెద్దదానికి చదవడం రాలేదని తేలితే సోమవారం నుంచి ఇద్దరూ బడికే. పిల్లల తండ్రి అయిన తన తమ్ముడికి ఆవిడ పెట్టిన షరతు అది.

పెద్దది చదువుతుంటే ఆవిడ వెనక నిలబడి కాసేపు విని, పుస్తకంలోకి తొంగిచూసింది.

"ఏమే కోడలా, ఇందులో లేనిదంతా చదువుతున్నావేం? మరదలా, నీ కూతురు నీ చెవిలో పూలు పెడుతోంది!"

తల్లి మిషను తొక్కుతూనే తలెత్తింది. ఇన్నాళ్లూ తను ఆ పేజీల వంక తొంగి చూడనైనా లేదు. "నిజమేనా తల్లీ?"

పెద్దది తల వంచుకుంది. "చెల్లిని అవతలికి పంపితే, ఉన్నది చదువుతా."

చిన్నదాన్ని గుండీల డబ్బా కోసం పక్కగదికి పంపారు. పెద్దది ఐదో అధ్యాయం చివరి పేజీ తీసి, ఎక్కడా తడబడకుండా, గొంతు తగ్గించి చదివింది. తుపానులో ముసలాయన మెట్ల మీంచి జారి సముద్రంలో పడిపోయాడు. ఆ దీపం మళ్లీ వెలగలేదు.

తల్లి పాదాలు ఆగిపోయాయి.

"పోయిన వారమే చదివేశా. చెల్లి ఏడుస్తుందని..." పెద్దది ఆ పేజీని అరచేత్తో కప్పింది. "నువ్వు కూడా."

గుండీలు గలగలలాడించుకుంటూ చిన్నది రానే వచ్చింది. "తాత దీపం వెలిగించాడా?"

పెద్దది అత్త వంక చూసింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, పుస్తకం ఒళ్లోకి తీసుకుని, ఆ చివరి పంక్తి కింద వేలు పెట్టింది.

"ఉండవే, ఏం తొందర? వత్తి తడిసిపోయిందట."

"ఆరబెట్టాడా మరి?"

"ఆరబెట్టక! ఒక్కరోజులో ఆరుతుందా అది? ఇవాళ కాస్త చదువుతా, మిగతాది సోమవారం సాయంత్రం నేనే వచ్చి చదువుతాలే."

చొక్కా చేతి అంచును మూసి కుట్టేశానని తల్లి అప్పుడు గమనించింది. విప్పడానికి కత్తెర అందుకుంది గాని, ముందు ఆ వత్తి సంగతి తేలనిమ్మని దాన్ని ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చుంది.